పడుగు ఐదు, పేక నాలుగు

ఈ సంగతులు ఇంతకు ముందే ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే, నాకు రాయడం రాదు గనుక అన్నదే జవాబు. అరవై నాలుగో ఏడు నిండేదాకా నాకు అక్షరం ముక్క తెలియదు. నా ఈడు ఆడవాళ్ళలో మా పల్లెల్లో చాలామందిది ఇదే కథ కాబట్టి ఇందులో వింత లేదు. కానీ రాదన్న సంగతి నేను దాచినంత గట్టిగా ఎవరూ దాచి ఉండరు. ఆ దాపరికం వల్ల ఏమి పోగొట్టుకున్నానో తెలిసింది మాత్రం పోయిన నెలలోనే, అదీ ఒక పాత బట్ట మడత విప్పినప్పుడు.

మా కోడలు అంగన్‌వాడీ టీచరు. మా ఇంటాయన చనిపోయిన ఏడాది, నేను ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చుంటానని తన వెంట కేంద్రానికి పిలుచుకొని పోయేది. అక్కడ మూడేళ్ళ పిల్లలు పటం మీద వేలు పెట్టి అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని అరుస్తుంటే, నేను వాళ్ళ వెనక కూర్చొని, తోటకూర తుంచుతూ తలవంచుకొని, పెదాలు కదపకుండా నేర్చుకున్నాను. రెండు వానాకాలాలు పట్టింది. కోడలు కనిపెట్టి, ఒకనాడు నా మంచం మీద పలకా బలపమూ పెట్టి వెళ్ళిపోయింది.

ఆ కోడలే పోయిన నెల ఫోను నా ముఖానికి అడ్డం పెట్టి, "అత్తా, ఈ పూలదండ సూడు, దారంతో కుడ్తాండారు. నువ్వూ ఇట్లాటిదే కుట్నావంట గదా, మామ సెప్తాండె" అంది. ఎవరో ఒకావిడ తెల్లబట్ట మీద వసంతకాలపు పూలను గుండ్రంగా దండలాగా కుడుతోంది. పసుపు పూలు, ఊదా పూలు, మధ్యలో సన్నటి ఆకులు. అంతా అడ్డకుట్టు, అదే మేం క్రాస్ స్టిచ్ అని నేర్చుకున్న కుట్టు. చూసీ చూడగానే ముఖం పక్కకు తిప్పుకున్నాను. వద్దంటున్నా వినకుండా కోడలు ఆ సామాను తెప్పించింది. ఒక చిన్న పొట్లంలో బట్ట, దారాలు, సూదులు, అచ్చేసిన కాగితం అన్నీ వచ్చాయి. ఆ బట్టలో సూది దూర్చడానికి రంధ్రాలు కూడా ముందే ఉన్నాయి, పోగులు లెక్కపెట్టే పనే లేదు. పోగులు లెక్కపెట్టే పనే లేదని తెలిసినప్పుడు నాకు సంతోషం కలగాలి గదా, ఒళ్ళు మండింది.

ఆ మంట ఎందుకో చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి పోవాలి.

అప్పట్లో మేము బద్వేలుకు దగ్గరి పల్లెలో ఉండేవాళ్ళం. టౌనులో మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉండేది, అందులో నేను ఆయాను. పిల్లల తలలు దువ్వడం, అన్నం వడ్డించడం, జబ్బుపడితే పక్కన కూర్చోవడం నా పని. మా చిన్న ఆడబిడ్డ, అంటే మా ఇంటాయన చెల్లెలు, కూడా అక్కడే వంటలో సాయం చేసేది. ఎనిమిదో తరగతి దాకా చదివిన పిల్ల. పెళ్ళయి ఏడాది తిరక్కముందే భర్త వదిలేస్తే మా ఇంట్లోనే ఉండేది. నాకంటే ఆరేళ్ళు చిన్న. మాటకు మాట అనే రకం కాదు, ఊరికే చూసేది. ఆ చూపే నాకు గిట్టేది కాదు. నాకు చదువు రాదన్నది తనకు తెలుసేమోనని నా భయం.

తక్కిన వాళ్ళెవరికీ తెలియదు. పెళ్ళయిన కొత్తలో మా ఇంటాయన నా పేరును బొగ్గుతో ఒక పాత పంచె ముక్క మీద రాసిస్తే, నేను దాని మీద గొలుసు కుట్టు వేశాను. పదిసార్లు కుట్టి, పదిసార్లు విప్పేసరికి ఆ వంకరలన్నీ చేతికి వచ్చేశాయి. తర్వాత పెన్నుతోనూ అదే పోక. హాస్టలు పుస్తకంలో నేను సంతకం పెడితే, ఇంత ముచ్చటైన చేతిరాత ఎవరిదని అడిగేవారు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకొని, పక్కావిడ పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. పాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి గొంతు తడబడేది కాదు. ఒకసారి పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాను, అది గమనించి మెల్లగా తిప్పి పెట్టింది మా ఆడబిడ్డే. దానికీ కోపమే వచ్చింది నాకు.

కుట్టుపని మాత్రం నాకు పుట్టుకతో వచ్చినట్టు వచ్చింది. హాస్టలులో కుట్లూ అల్లికలూ నేర్పే టీచరమ్మ ఒకావిడ ఉండేది, పెద్దావిడ, మద్రాసు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడింది. ఖాళీగా ఉన్నప్పుడు నేను ఆవిడ దగ్గర కూర్చొని కాడకుట్టు, ముడికుట్టు, అడ్డకుట్టు అన్నీ చూసి చూసి నేర్చుకున్నాను. నా కుట్టు వెనకవైపు చూసినా ముందువైపు లాగే ఉంటుందని ఆవిడ పిల్లలకు చూపించేది. ఆ టీచరమ్మ పని మానుకొని కూతురు దగ్గరికి పోదామనుకున్న ఏడాది, తన చోటులోకి ఎవరిని తీసుకోవాలని హాస్టలు పెద్దమ్మ, అంటే వార్డెనమ్మ, అడిగితే, నన్నూ మా ఆడబిడ్డనూ ఇద్దరినీ చెప్పింది. ఈస్టరుకు చర్చిలో ప్రసంగ బల్ల మీద పరిచే బట్టకు పూలదండ కుట్టాలి, ఎవరిది బాగుంటే ఆ బట్ట పరుస్తారు, ఆ మనిషే కుట్టు టీచరు. అదీ ఏర్పాటు.

నాకు ఆ పని ఎంత అవసరమో మీకు తెలియాలి. ఆయా పని వేసవి సెలవుల్లో ఉండేది కాదు, ఆ నెలలన్నీ ఎండలో శనక్కాయ చేలల్లో కూలికి పోవాలి. కుట్టు టీచరయితే ఏడాది పొడుగునా నీడపట్టున పని, ఉండటానికి హాస్టలులోనే గది, నా ఇద్దరు ఆడపిల్లలకు అక్కడే చదువు. నాకు రాని చదువు వాళ్ళకు వస్తుందని, ఆ దండలో ఒక్కొక్క ఆకూ కుడుతూ అదే అనుకున్నాను.

టీచరమ్మ ఇద్దరికీ చెరొక బట్ట, చెరొక కాగితం ఇచ్చింది. క్రాస్ స్టిచ్‌కు వాడే మ్యాటీ బట్ట ఆ ఏడు దొరకలేదు, అందుకని మగ్గాల వీధిలో నేసిన పలచటి తెల్లబట్టే ఇచ్చింది. కాగితం మీద గళ్ళు గీసి, గళ్ళలో చుక్కలూ, ఇంటూలూ, సున్నాలూ వేసి, ఏ గుర్తుకు ఏ రంగో తెలిసేలా పక్కన ఆ దారం ముక్క కట్టి ఉంది. చదవాల్సిన పనేమీ లేదు, నా ప్రాణం కుదుటపడింది. ఆ పూలు మేము ఎరిగినవి కావు. ఒకటి గరాటా లాంటి పసుపుపువ్వు, ఒకటి గిన్నె లాంటి ఊదా పువ్వు, మంచు కరిగితే పూస్తాయట. మంచు యాడుంది మాకు? మా సీమలో వసంతమంటే వేపపూత రాలి వాకిలంతా చేదు వాసన కొట్టడం, కానుగ చెట్ల కింద పేలాలు పోసినట్టు పూలు పడటం, నల్లమల వైపు మోదుగలు ఎర్రగా మండటం. ఆ పసుపుపువ్వును మనసులో తంగేడు అనుకొని కుట్టడం మొదలుపెట్టాను.

కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. హాస్టలులో కాగితం దండగ చేయరు, సరుకుల పట్టీ రాసిన పాత కాగితం వెనకే టీచరమ్మ గళ్ళు గీసింది. అంకెలు మాత్రం నాకు తెలుసు గనుక, నిలువు వరసలో అంకెలు కనబడగానే బియ్యం, బేడలు, చింతపండు లెక్కలే అనుకున్నాను. వాటి కింద ఇంకో రెండు వరసలు ఉన్నాయి. అవీ ఆ బాపతే అనుకున్నాను.

ముందు ఆకుల వరస ఒకటి గుండ్రంగా కుట్టుకొని, తర్వాత పూలు నింపుకోవాలి. పడుగు, అంటే నిలువు పోగులు నాలుగు, పేక, అంటే అడ్డపోగులు నాలుగు లెక్కపెట్టి ఒక్కొక్క ఇంటూ వేశాను. అయిదు రోజులకు ఆకుల వరస కలిసింది. కొలుద్దామని అన్నం తినే కంచం బోర్లించి చూస్తే, పక్కలకు సరిపోయింది కానీ పైనా కిందా ఆకులు కంచం దాటి బయటికి వచ్చాయి. దండ నిలువుగా సాగిపోయి ఉంది. లెక్క తప్పానేమోనని గళ్ళు లెక్కపెట్టాను, తప్పలేదు. అయినా విప్పాను. మళ్ళీ కుట్టాను, మళ్ళీ అంతే. మూడోసారి ఒక్కొక్క పోగునూ సూదిమొనతో ఎత్తి ఎత్తి లెక్కపెట్టాను. కళ్ళు నీళ్ళు కారాయి, వేళ్ళ చెమటకు ఆకుపచ్చ దారం మసిబారింది. మళ్ళీ అంతే. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలం ఉపవాసాలు, ఫాల్గుణం పోకముందే నిప్పులు చెరిగే ఎండ, దానికి తోడు ఈ దండ. పిల్లల మీద అరిచాను, మా ఇంటాయన మీద అరిచాను, ఒకరోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేసి ఎవరినీ అననివ్వకుండా నేనే ఏడ్చాను.

హాస్టలు వరండాకు ఆ చివర కూర్చొని కుట్టే మా ఆడబిడ్డ దండ మాత్రం చక్రంలాగా తిరిగి వచ్చింది. నా కుట్టుతో పోలిస్తే తనది ముతక. అయినా గుండ్రం గుండ్రమే. నేను మూడోసారి విప్పుతుంటే తను దగ్గరికి వచ్చి నిలబడి, "వదినా, కాయితం ఎనక రాసుండేది సూసుకున్యావా?" అంది.

తెలిసిపోయింది, అందరి ముందూ బయట పెట్టడానికే అడుగుతోంది అనుకున్నాను. "నా కాయితం సంగతి నీకెందుకు పాపా? నీ దండేదో నువ్వు సూసుకో పో" అన్నాను, చుట్టూ పిల్లలకు వినపడేలా.

తను వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కాగితం ఇంటికి తెచ్చి మా ఇంటాయనకు చూపిస్తే అర నిమిషం పని. చూపించలేదు. చెల్లెలి మాట పట్టుకొని అడుగుతున్నానని ఆయన నవ్వుతాడని అనిపించింది. పంతం అంటే ఏమిటో ఇప్పుడు నన్నడిగితే చెబుతాను, అప్పుడు దాన్ని పౌరుషం అనుకున్నాను.

నాలుగోసారి కుట్టింది సాగినా విప్పలేదు. పూలన్నీ నింపేశాను. నింపి, చిక్కటి గంజిలో బట్టను ముంచి, నులకమంచం పట్టెలకు అడ్డంగా లాగి తాళ్ళతో బిగించి ఎండలో ఆరబెట్టాను. పలచటి నేత కదా, అడ్డంగా సాగింది, నిలువు తగ్గింది. ఆరాక కంచం బోర్లిస్తే ఇంచుమించు సరిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఈస్టరుకు వారం ముందర వచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజు టీచరమ్మ రెండు బట్టలూ బల్ల మీద పరిచింది. హాస్టలు పిల్లలంతా చుట్టూ మూగారు. ఆవిడ నా బట్ట తిప్పి వెనకవైపు కూడా చూసి, "నీ చెయ్యి శానా సన్నం మ్మే, ఇంత నీటు ఇంగెవురికీ రాదు" అంది. హాస్టలు పెద్దమ్మ కూడా తల ఊపింది. నా ఆడపిల్లలిద్దరూ కిటికీలోంచి చూస్తున్నారు. అప్పుడు టీచరమ్మ, ఎప్పటి అలవాటు ప్రకారమే, రంగు దిగుతుందేమో చూడటానికి ఒక బేసిన్‌లో నీళ్ళు తెప్పించింది.

ఆ అలవాటు నాకు తెలుసు. వందసార్లు చూశాను. కంచం సరిపోయిన సంతోషంలో అది నా తలకు తట్టలేదు.

ముందు మా ఆడబిడ్డది ముంచి తీసింది, ఏమీ కాలేదు. తర్వాత నాది. నీళ్ళు పాలలాగా తెల్లబడ్డాయి. గంజి వదిలింది. పిండి బల్ల మీద పరిచేసరికి, అందరూ చూస్తుండగానే, నా దండ అడ్డం ముడుచుకొని నిలువు సాగి నిలబడింది. ఒక పిల్ల ఆపుకోలేక, "యోవ్, ఇది పూలదండనా, ఎద్దు మెడకేసే పట్టెడనా?" అంది. నవ్వు వరండా అంతా పాకింది. మా ఆడబిడ్డ నవ్వలేదు. టీచరమ్మా నవ్వలేదు, తడిసిన బట్ట నా చేతికిచ్చి, "గంజితో మోసం జేస్తావనుకోలే మ్మే నిన్ను" అంది. అంతే, ఆ తర్వాత నా వైపు చూడలేదు.

మా ఆడబిడ్డ బట్ట ఈస్టరు నాడు ప్రసంగ బల్ల మీద పరిచారు. తను కుట్టు టీచరయింది, పింఛను వచ్చేదాకా చేసింది. నేను నెల తిరక్కముందే ఆయా పని మానుకొని శనక్కాయ చేలకు పోయాను. కొన్నేళ్ళకు నా పెద్దపిల్లను ఆరో తరగతితో, దాని వెనక చిన్నదాన్ని ఏడుతో మాన్పించాను. ఆ పని రాకపోయినా వాళ్ళను అక్కడ చేర్చుకుంటామని పెద్దమ్మ కబురు పంపింది. ఆడబిడ్డ టీచరుగా ఉన్న చోటికి నా పిల్లల్ని పంపనన్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

గుండ్రంగా రావడానికి ఏదో కిటుకు ఉందనీ, టీచరమ్మ దాన్ని మా ఆడబిడ్డకు ఒక్కదానికే చెవిలో చెప్పిందనీ నేను నలభై ఏళ్ళు నమ్మాను. పెళ్ళిళ్ళలో పక్కపక్కన కూర్చొని తాంబూలం తీసుకున్నా మేము మాట్లాడుకోలేదు. మా ఇంటాయన చావుకు తను వచ్చి నా భుజం మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి తీసేశాను.

ఇక పోయిన నెల మధ్యాహ్నం సంగతి. కోడలు తెప్పించిన కొత్త బట్టతో పోల్చి చూద్దామని ఇనప పెట్టెలోంచి నా పాత దండ తీశాను. దానిలోనే మడిచి పెట్టిన కాగితం అంచులు పసుపెక్కి, మడతల దగ్గర చిరిగి ఉంది. ఇప్పుడు నాకు ఏ కాగితం కనబడినా చదవాలనే యావ, పేలాల పొట్లం కాగితం కూడా వదలను. వెనక్కి తిప్పాను. పైన బియ్యం, కందిబేడలు, చింతపండు, నేను అనుకున్నట్టే ఉంది. కింద రెండు వరసలు కూడబలుక్కొని చదివాను.

"మన మగ్గం బట్టలో పడుగు చిక్కన, పేక పలచన. ఒక్కొక్క ఇంటూకు పడుగు ఐదు పోగులు, పేక నాలుగు పోగులు పట్టి కుట్టండి. అప్పుడే దండ గుండ్రంగా వస్తుంది."

రెండోసారి చదవలేదు. అక్కర్లేకపోయింది. అప్పటికే నా వేళ్ళు ఆ పాత బట్ట మీద పోగులు లెక్కపెడుతున్నాయి.

కిటుకు లేదు, చెవిలో చెప్పడం లేదు. చెరొక కాగితం మీదా ఒకటే మాట రాసిచ్చింది ఆ మహాతల్లి. చదవడం రాదని నేను ఒక్క మాట చెప్పి ఉంటే నోటితోనే చెప్పేది. నలభై ఏళ్ళ కోపం ఎవరి మీద పెట్టుకున్నానో వాళ్ళలో టీచరమ్మ ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. కోడలు కాఫీ తెచ్చి, "ఏమయ్యిందత్తా, అట్ల కూచ్చున్యావు?" అంటే, కప్పు తోసేశాను. దాని తప్పేముంది పాపం.

మీలో కుట్టు తెలిసినవాళ్ళు ఉంటే మీకు గుర్తే ఉంటుంది, అప్పట్లో బట్ట తీసుకుంటే ముందు వేలి కింద పెట్టి పడుగెంత పేకెంత అని చూసేవాళ్ళు. ఇప్పుడు రవికల మీద పూలు మిషన్లే కుట్టేస్తున్నాయి, అరచేయంత పొట్లంలో రంధ్రాలు పెట్టిన బట్టలు ఇంటికి వస్తున్నాయి. ఎవరి దండా సాగదు, ఎవరి దండా ముడుచుకోదు. అక్షరాలూ అంతే, మూడేళ్ళ పిల్లలకు పాలతో పాటు దొరుకుతున్నాయి, మంచిదే. రాదని చెప్పడానికి సిగ్గుపడి బతుకంతా ఒక కాగితాన్ని మడిచి పెట్టుకోవాల్సిన కర్మ వాళ్ళకు లేదు. అది తలచుకుంటే సంతోషం వేస్తుంది, ఆ వెనకే నా ఇద్దరు ఆడపిల్లలు గుర్తుకొస్తారు.

మరునాడు పొద్దున్నే మొదటి బస్సుకు బద్వేలు పోయాను. మా ఆడబిడ్డ ఇంటి వసారాలో మంచం మీద కూర్చొని ఉంది. షుగరు వల్ల చూపు చాలా వరకు పోయింది, మనిషి నీడ మాత్రమే తెలుస్తుంది. "ఎవురూ?" అంది. నేను బట్ట తన ఒళ్ళో పెట్టాను. తన వేళ్ళు ఆకుల వెంబడి చుట్టూ తిరిగి వచ్చాయి.

"ఈ ఎద్దు పట్టెడ ఇంగా పారెయ్యలేదా వదినా?" అంది.

నేను కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. తను తల ఎత్తి, నా గొంతు వచ్చే వైపు చూపు లేని కళ్ళు నిలిపింది. మన మగ్గం బట్టలో అనేదాకా బాగానే చదివాను, తర్వాత కాగితం చిరిగిన చోట తడబడ్డాను. "పడుగు ఐదు, పేక నాలుగు" అని మిగిలింది తనే చెప్పింది. ముప్పై ఏళ్ళకు పైగా ప్రతి పిల్లకూ చెప్పిన మాట కదా, నోటికి వచ్చు.

"నీకు సదవను రాదని నాకు తెల్సు వదినా. నలుగురి ముందర నేను జెప్తే నీకు అవమానమని, అన్నతో సదివించుకుంటావులే అని ఎనక సూడమంటి" అంది.

కత్తెర ఎక్కడుందని అడిగాను.

"మళ్ళా విప్పుతావా? ఈ వయసులోనా? నీకింగ బుద్ధి రాదా?"

"మూడుసార్లు విప్పినదాన్నే గదా పాపా, ఆ అంచు గట్టిగా పట్టుకో."

పట్టుకుంది. నేను కళ్ళజోడు సరిచేసుకొని, అన్నిటికంటే కింద ఉన్న ఆకు దగ్గర కత్తెర మొన దూర్చాను.